ప్రెషర్ కలిసింది, పొడవు కలవలేదు: షేల్‌లో ఫ్రాక్చర్ పెరుగుదల మోడల్ మీద సందేహం

లోతుబావి | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఒకే చోట ఇరుక్కుపోయాను. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

షేల్ అనే పలకల రాయిలో ఒక హారిజాంటల్ (అడ్డంగా తవ్విన) బావి, ఎక్కువ ప్రెషర్‌తో నీళ్లు పంపి రాయిని పగలగొట్టే హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ కోసం. అందులో ఒక స్టేజీకి (ఒక విడతలో పగలగొట్టే భాగానికి) మోడల్ కడుతున్నాను. ఐదు క్లస్టర్లు (బావి గోడలో రంధ్రాల గుంపులు, ఒక్కో చోట ఒక పగులు మొదలవ్వాలి), 10 మీటర్లకొకటి. నిమిషానికి 8 ఘనపు మీటర్ల స్లిక్‌వాటర్ (రాపిడి తగ్గించే మందు కలిపిన పల్చటి నీళ్లు), మొత్తం 90 నిమిషాల పంపింగ్. 200 మీటర్ల దూరంలో సమాంతరంగా ఇంకో బావి ఉంది, దాని కేసింగ్ (ఉక్కు గొట్టం) వెనక, రాయి సాగుడుని కొలిచే ఫైబర్ ఆప్టిక్ కేబుల్ వేసి ఉంది. రాయి వివరాలు ఇవి: యంగ్స్ మాడ్యులస్ 30 గిగాపాస్కల్, పాయిజన్ నిష్పత్తి 0.25, ఫ్రాక్చర్ టఫ్‌నెస్ (పగులు ముందుకు చీలకుండా రాయి ఇచ్చే నిరోధం) 1 మెగాపాస్కల్ రూట్ మీటర్, టెన్సైల్ బలం 5 మెగాపాస్కల్. షేల్ పొర మందం 50 మీటర్లు. దాని పైనా కిందా ఉన్న పొరల్లో స్ట్రెస్ (రాయిని బిగించి ఉంచే ఒత్తిడి) 3 మెగాపాస్కల్ ఎక్కువ.

ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో (రాయిని చిన్న ఎలిమెంట్ల మెష్‌గా విడదీసి లెక్కేసేది) కొహెసివ్ ఎలిమెంట్లు, అంటే కొద్దికొద్దిగా పట్టు వదిలి తెగేవి, వాడాను. ఎలిమెంట్ సైజు 2 మీటర్లు. పగులు ఎత్తు 50 మీటర్లకే బిగించాను. నీళ్లు ఐదు క్లస్టర్లకూ సమానంగా పంచాను. మొదట ప్రెషర్ బాగా ఎక్కువ వచ్చింది. టెన్సైల్ బలాన్ని 0.5కి తగ్గిస్తే, 90 నిమిషాల పొడుగునా సర్ఫేస్ ప్రెషర్ 1 మెగాపాస్కల్ లోపలే కలిసింది. చాలా సంతోషించాను.

తర్వాత ఫైబర్ డేటా చేతికొచ్చింది. నా మోడల్ ప్రకారం పగులు పక్క బావిని 25వ నిమిషంలో తాకాలి. ఫైబర్‌లో మొదటి తాకిడి 55వ నిమిషంలో ఉంది. పైగా ఐదు సిగ్నల్స్ రావాల్సిన చోట మూడే వచ్చాయి. ప్రెషర్ ఇంత బాగా కలిసిన మోడల్ పొడవులో ఇంత తప్పు ఎలా అయింది? ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి?


పంపులారీ | సోమవారం, రాత్రి 10:05

లోతుబావి గారూ, నేను మోడల్ మనిషిని కాదు, పంపుల దగ్గర పనిచేసేవాణ్ణి. మీరు ఏ ప్రెషర్‌ని కలిపారో ముందు చూడండి.

సర్ఫేస్‌లో గేజ్ చూపించే ప్రెషర్‌లో చాలా కలిసి ఉంటాయి. పైపులో రాపిడి, పర్ఫరేషన్ రంధ్రాల దగ్గర నష్టం, బావి గోడ నుంచి అసలు పగులు దాకా వంకర దారిలో నష్టం. ఇవన్నీ పోగా, కనిష్ఠ స్ట్రెస్ (పగులుని మూసేయాలని చూసే రాయి ఒత్తిడి) కూడా తీసేశాక మిగిలేదే నెట్ ప్రెషర్. పగులుని తెరిచి ఉంచేది అదొక్కటే. గేజ్ మీద 60 మెగాపాస్కల్ కనిపిస్తుంటే, లోపల నెట్ ప్రెషర్ 2 ఉండొచ్చు, 3 ఉండొచ్చు. మీ మ్యాచ్‌లో తేడా 1 మెగాపాస్కల్ అంటున్నారు. అంటే మీరు పట్టుకోవాల్సిన విలువలో మూడో వంతో సగమో ఆ తేడాలోనే పోయింది.

ఇంకో సంగతి, రంధ్రాల దగ్గర నష్టం జాబ్ మొత్తం ఒకేలా ఉండదు. పగులు మూసుకోకుండా నీళ్లతో పంపే ఇసుక దూసుకెళ్తుంటే రంధ్రం అరిగిపోతుంది. ఆ నష్టం ప్రవాహం వర్గానికి అనులోమంగా, వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. వ్యాసం 10 శాతం పెరిగితే చాలు, నష్టం దాదాపు మూడో వంతు పడిపోతుంది. సర్ఫేస్ ప్రెషర్ తగ్గింది కదా, పగులు పెరిగిందనుకుంటాం. నిజానికి పెరిగింది రంధ్రం.

స్టేజీ మొదట్లో స్టెప్‌డౌన్ టెస్ట్ చేశారా? రేటుని మెట్లు మెట్లుగా తగ్గిస్తూ రాసుకున్న ప్రెషర్లు ఉంటే, పైపు, రంధ్రం, వంకర దారి నష్టాలను చాలావరకు విడదీయొచ్చు. అవి వేరు చేయకుండా మోడల్ కలిసిందని అనుకోకండి. ఇదే పొరపాటు వల్ల మేము ఒకసారి మూడు స్టేజీల డిజైన్ తప్పుగా మార్చుకున్నాం. ఆ బాధ ఇంకా ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.


లోతుబావి | సోమవారం, రాత్రి 10:31

స్టెప్‌డౌన్ డేటా ఉంది, వాడలేదు. పైపు రాపిడికి పట్టికలోని విలువ వేశాను, రంధ్రాల నష్టాన్ని స్థిరంగా పెట్టాను. మీరు చెప్పాక ఇప్పుడే లెక్కేస్తే నెట్ ప్రెషర్ 2.3 దగ్గర వస్తోంది, ఒక అర అటూ ఇటూ.


కొనమొన | మంగళవారం, ఉదయం 7:20

మీ పోస్టులో "బలాన్ని 0.5కి తగ్గిస్తే కలిసింది" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ముందు దాన్ని విప్పుదాం.

కొహెసివ్ మోడల్లో పగులు మొన ముందు రాయి ఒక్కసారిగా తెగదు. కొంత దూరం మేర పట్టు సడలుతూ వస్తుంది. ఆ దూరం సుమారుగా టఫ్‌నెస్‌ని బలంతో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేస్తే వస్తుంది. మీ రాయికి 1 బై 5, అంటే 0.2. దాని వర్గం 0.04 మీటర్లు. నాలుగు సెంటీమీటర్లు! ఆ నాలుగు సెంటీమీటర్ల లోపల కనీసం మూడు నాలుగు ఎలిమెంట్లు పడితేనే లెక్క నిలబడుతుంది. మీ ఎలిమెంట్ 2 మీటర్లు. జరిగేదంతా ఒక్క ఎలిమెంట్‌లో యాభయ్యో వంతులో జరిగిపోతోంది, మీ మెష్‌కి అది కనబడటం లేదు.

అప్పుడు ఎలిమెంట్ తెగాలంటే దాని మొత్తం మీద స్ట్రెస్ 5కి చేరాలి. దాంతో మోడల్‌లో పనిచేసే టఫ్‌నెస్ రాయిది కాకుండా మెష్‌ది అవుతుంది. సుమారుగా 5 రెట్ల రూట్ 2, అంటే 7 దగ్గర. మీకు మొదట ప్రెషర్ ఎక్కువ రావడానికి కారణం ఇదే.

తర్వాత బలాన్ని పదో వంతుకి తగ్గించారు. పూర్తిగా తెగే దూరాన్ని కూడా మార్చారా? మొదట అది 12 మైక్రాన్ల చుట్టూ ఉండి ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే తెగడానికి కావాల్సిన శక్తి కూడా పదో వంతైంది, చదరపు మీటరుకి 31 జౌళ్ల నుంచి 3కి. టఫ్‌నెస్ దాని వర్గమూలంతో తగ్గుతుంది కాబట్టి 1 నుంచి 0.32కి పడింది. ఒక తప్పుని ఇంకో తప్పుతో సరిచేసినట్టయింది. బలం తగ్గించి మొన ప్రాంతాన్ని సాగదీయడం కొందరు కావాలనే చేస్తారు, అందులో తప్పులేదు. కానీ శక్తి మారకుండా చూసుకోవాలి.


కొత్తచూపు | మంగళవారం, ఉదయం 8:02

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను ఇప్పుడిప్పుడే చదువుతున్నాను. మొన దగ్గర కొన్ని సెంటీమీటర్ల కోసం ఇంత పట్టింపు ఎందుకు? పగులు 200 మీటర్లు కదా? పాత పీకేఎన్, కేజీడీ మోడళ్లలో మొన గురించి పెద్దగా చెప్పరు, అయినా పనిచేస్తాయి కదా?


కొనమొన | మంగళవారం, మధ్యాహ్నం 1:15

మంచి ప్రశ్న, క్షమాపణ అక్కర్లేదు.

కేజీడీ అంటే 1955లో ఖ్రిస్టియానోవిచ్, జెల్తోవ్, ఆ తర్వాత 1969లో గీర్త్‌స్మా, డి క్లర్క్ తీర్చిన రూపం. పీకేఎన్ అంటే 1961లో పెర్కిన్స్, కెర్న్ మొదలుపెట్టినదానికి 1972లో నార్డ్‌గ్రెన్ లీకాఫ్‌నీ (రాయిలోకి ఇంకిపోయే నీటినీ), పగులులో నిలిచే నీటి లెక్కనీ కలిపినది. పొడవు ఎత్తు కంటే చాలా ఎక్కువైతే పీకేఎన్, పొడవు ఇంకా తక్కువగా ఉన్నప్పుడు కేజీడీ సరిపోతాయి. పీకేఎన్‌లో మొన దగ్గర రాయి తెగే శక్తిని అసలు లెక్కలోకే తీసుకోరు. పంపిన శక్తిలో ఎక్కువ భాగం పగులులో చిక్కటి ద్రవాన్ని నెట్టడానికే ఖర్చవుతుందని వాళ్ల నమ్మకం. చిక్కటి జెల్ వాడిన రోజుల్లో ఆ నమ్మకం చాలావరకు నిలబడింది.

ఇక్కడే ఒక లెక్క ప్రతి మోడల్‌కీ ముందు వేసుకోవాలి. ద్రవాన్ని నెట్టడానికి ఎక్కువ ఖర్చవుతోందా, రాయిని చీల్చడానికా? దానికి డెటర్నే, ఆయన సహచరులు స్థిరపరిచిన ఒక కొలత ఉంది, యూనిట్లు లేని టఫ్‌నెస్. పొడవాటి ప్లేన్ స్ట్రెయిన్ పగులుకి (ఏ కోత తీసుకున్నా ఒకేలా ఉండేదానికి) అది సుమారు 1 కంటే తక్కువైతే చిక్కదనానిదే రాజ్యం, 4 దాటితే టఫ్‌నెస్‌ది.

లోతుబావి గారి అంకెలతోనే వేశాను. క్లస్టర్‌కి నిమిషానికి 1.6 ఘనపు మీటర్లు, ఎత్తు 50 మీటర్లు, స్లిక్‌వాటర్ చిక్కదనం 1 సెంటీపాయిజ్. జవాబు 0.84. అదే 100 సెంటీపాయిజ్ జెల్ అయితే 0.27. చూశారా, స్లిక్‌వాటర్ సరిగ్గా గట్టు మీద కూర్చుంది. టఫ్‌నెస్ 1 కాకుండా 2 అయితే 1.7కి పోయి మధ్య ప్రాంతంలో పడుతుంది. అందుకే షేల్‌లో ఏదో ఒకటి వదిలేయడం కుదరదు.

ఇక మొన. మొన నుంచి దూరం పెరిగేకొద్దీ వెడల్పు ఎలా పెరుగుతుందన్నదే అసలు కీలకం. రాయి చీలడం శాసిస్తే దూరం వర్గమూలంతో పెరుగుతుంది. ద్రవం చిక్కదనం శాసిస్తే మూడింట రెండో ఘాతంతో పెరుగుతుంది. మొన సెకనుకి 10 సెంటీమీటర్లు కదులుతుంటే, ఈ రాయిలో ఈ ద్రవానికి రెండూ సమానమయ్యే చోటు మొన నుంచి ముప్పావు మీటరు దగ్గర వస్తుంది. అక్కడ వెడల్పు 0.1 మిల్లీమీటరు. ముప్పావు మీటరు లోపల ఒక చట్టం, దాటాక ఇంకోటి. 2 మీటర్ల ఎలిమెంట్‌కి ఈ రెండూ కనబడవు, దాని సొంత చట్టం ఒకటి అది పెట్టుకుంటుంది.

దీనికి నాకు ఇష్టమైన దారి, మొన దగ్గర మెష్‌ని పిండి చేయకుండా ఆ తెలిసిన వెడల్పు సూత్రాన్నే మొన ఎలిమెంట్‌లో పెట్టడం. పియర్స్, డెటర్నే 2008లో ఇచ్చిన ఇంప్లిసిట్ లెవెల్ సెట్ పద్ధతి చేసేది అదే. మొన పక్కనున్న గడిలో వెడల్పు ఎంతుందో చూసి, సూత్రాన్ని తిప్పి, మొన ఎంత దూరంలో ఉండాలో కనుక్కుంటుంది. 5 మీటర్ల గళ్లతో కూడా సరైన పొడవు వస్తుంది. సెంటీమీటరు ఎలిమెంట్లతో 200 మీటర్ల పగులు నింపాలంటే ఏ కంప్యూటర్ సరిపోతుంది చెప్పండి?

అయితే లోతుబావి గారూ, ఒక మాట. మెష్ సరిచేసి, టఫ్‌నెస్ మళ్లీ 1 పెట్టినంత మాత్రాన 25 నిమిషాలు 55 అవుతుందని ఆశపడకండి. 0.84 అంటే ఇంకా చిక్కదనం వైపే ఉన్నారు, టఫ్‌నెస్ పొడవుని అంతగా కదపదు. అది సరిచేయాల్సిందే, కానీ దొంగ ఇంకెక్కడో ఉన్నాడు.


పొరలరాయి | మంగళవారం, సాయంత్రం 6:48

ఆ దొంగ ఎత్తులో ఉన్నాడని నా అనుమానం. నేను జియోమెకానిక్స్ వైపు పనిచేస్తాను.

ఎత్తు 50 మీటర్లకి బిగించాను అన్నారు. ఎందుకు బిగించారు? లాగ్‌లో (బావిలో దించిన పరికరాల కొలతల్లో) షేల్ పొర అక్కడ ముగిసింది కాబట్టి. కానీ పగులుకి పొర పేరు తెలియదు, దానికి తెలిసింది స్ట్రెస్ ఒక్కటే. పైనా కిందా 3 మెగాపాస్కల్ ఎక్కువ ఉంది, నెట్ ప్రెషర్ 2.3 అంటున్నారు. 3 కంటే 2.3 తక్కువ కదా, ఆగిపోతుందనుకుంటారు చాలామంది. ఆగదు. నడుమ తెరుచుకున్న భాగం అంచుల్ని చీలుస్తూనే ఉంటుంది.

ఒంటరి పగులుకి, టఫ్‌నెస్ పక్కన పెడితే, ఈ సంబంధం కాగితం మీదే వస్తుంది. నెట్ ప్రెషర్ ఆ స్ట్రెస్ తేడాలో మూడింట రెండు వంతులకి చేరితే ఎత్తు రెట్టింపవుతుంది. అంటే మీ దగ్గర 2 మెగాపాస్కల్‌కే 100 మీటర్లు. 2.3కి దాదాపు 2.8 రెట్లు, 140 మీటర్లు. 2.5కి వెళ్తే దాదాపు నాలుగు రెట్లు. 2కి 2.5కి మధ్య అర మెగాపాస్కల్ తేడాకి ఎత్తు రెండింతల నుంచి నాలుగింతలు! మీరేమో నెట్ ప్రెషర్ "ఒక అర అటూ ఇటూ" అన్నారు. ఆ అరలో మీ సమాధానమంతా ఉంది.

పోయిన నీళ్ల సంగతి చూడండి. వెడల్పు ఎత్తుకి అనులోమంగా పెరుగుతుంది కాబట్టి, అదే నెట్ ప్రెషర్ దగ్గర ఎత్తు రెట్టింపైతే వెడల్పూ రెట్టింపు, మీటరు పొడవుకి పట్టే నీళ్లు నాలుగు రెట్లు. పొడవు పెరగడానికి నీళ్లేవి మరి? నిజానికి అంత ఎత్తు పెరిగితే ప్రెషర్ పడుతుంది, అంత దూరం పోదు. కానీ దిశ మాత్రం ఇదే.

ఒక హెచ్చరిక. సూడో త్రీడీ మోడల్లో ఈ సమతుల్య సూత్రాన్నే ప్రతి నిలువు కోతలో నేరుగా వాడతారు. నెట్ ప్రెషర్ స్ట్రెస్ తేడాకి దగ్గరపడేసరికి ఎత్తు ఒక్కసారిగా పరుగెడుతుంది. ద్రవం పైకి పాకడానికీ సమయం పడుతుందన్నది అందులో ఉండదు. మీ కేసు సరిగ్గా ఆ అంచునే ఉంది. కాబట్టి మీకు ప్లేనర్ త్రీడీ కావాలి, నిలువుగా కూడా ద్రవ ప్రవాహం లెక్కేసేది.

పొరల మధ్య జారుడు కూడా గుర్తుపెట్టుకోండి. షేల్‌లో పలచటి బూడిద పొరలు, కాల్సైట్ నిండిన పలకలు కాగితాల్లా ఉంటాయి. పగులు అక్కడికొచ్చి పక్కకు జారి, కొంత దూరం అడ్డంగా నడిచి మళ్లీ పైకెక్కుతుంది. ఆ మలుపుల్లో వెడల్పు నలిగిపోతుంది, ఇసుక అక్కడే ఇరుక్కుంటుంది. స్ట్రెస్ లాగ్ ఒక్కటే చూసి లెక్కేసిన ఎత్తు సాధారణంగా నిజం కంటే ఎక్కువ వస్తుందని నా అనుభవం. 140 అని నమ్మేయకండి.


గళ్లకాగితం | మంగళవారం, రాత్రి 8:30

ఇన్ని తిప్పలు ఎందుకు, ఫేజ్ ఫీల్డ్ వాడొచ్చు కదా? 1998లో ఫ్రాంక్‌ఫోర్, మారిగో వేసిన పునాది మీద కట్టిన పద్ధతి. పగులు ఎటు తిరగాలో, ఎక్కడ చీలాలో, రెండు పగుళ్లు ఎలా కలవాలో మనం చెప్పక్కర్లేదు, శక్తి తక్కువైన దారి అదే వెతుక్కుంటుంది. ఒక సహజ పగులుని హైడ్రాలిక్ పగులు ఢీకొనే కేసు నేను చేశాను. అది ఆగి, పక్కకు తిరిగి, చివరి కొన నుంచి మళ్లీ బయల్దేరడం కళ్లారా చూస్తే చాలా ఆనందమేసింది.


కొనమొన | మంగళవారం, రాత్రి 9:10

ఆ కేసుకి ఫేజ్ ఫీల్డ్ చాలా అందమైన పద్ధతి, మీ ఆనందం నాకు అర్థమవుతుంది. ఇక్కడ మాత్రం కొలత చూడండి. పగుల్ని ఒక సన్నని పట్టీలా పరుస్తారు కదా, ఆ పట్టీ వెడల్పుకీ రాయి బలానికీ ముడి ఉంది. 5 మెగాపాస్కల్ బలం నిజంగా రావాలంటే మామూలు రూపంలో పట్టీ వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి, ఎలిమెంట్ అంతకంటే చిన్నది. 200 మీటర్ల స్టేజీకి అది అవదు. పట్టీని మీటర్లకి పెంచితే బలం పడిపోతుంది, పగులు పుట్టే చోటు తప్పుతుంది. పైగా పట్టీలోంచి వెడల్పుని బయటికి తీయాలి, ప్రవాహం వెడల్పు ఘనం మీద ఆధారపడుతుంది. వెడల్పులో 10 శాతం తప్పైతే ప్రవాహంలో 30 శాతానికి పైగా తప్పు. ఒక కూడలి దగ్గర ఏం జరుగుతుందో ఫేజ్ ఫీల్డ్‌తో నేర్చుకుని, ఆ నియమాన్ని పెద్ద మోడల్‌లో పెట్టడం మంచి దారి.


గళ్లకాగితం | మంగళవారం, రాత్రి 9:26

నిజమే, నేను చేసిన డొమైన్ అర మీటరే. స్టేజీ సైజుకి తీసుకెళ్లే ప్రయత్నం చేయలేదు. కూడలి నియమం ఆలోచన బాగుంది, ఆ వైపు చూస్తాను.


పంపులారీ | బుధవారం, ఉదయం 6:55

మూడు సిగ్నల్సే వచ్చాయన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. ఐదు క్లస్టర్లకి సమానంగా నీళ్లు వెళ్లడం నేను చూసింది తక్కువ. ఒకటి రెండు ముందుకెళ్లిపోతాయి, మిగతావి వెనకబడతాయి. లోతుబావి గారు 8ని ఐదుతో భాగించారు. మూడే బాగా నడిస్తే ఒక్కోదానికి 2.7 వెళ్తుంది. అప్పుడు పక్క బావికి ఇంకా ముందే చేరాలి, 25 కంటే తక్కువలో. అంటే ఇది సరిచేస్తే మీ తేడా పెరుగుతుంది, తగ్గదు.


పొరలరాయి | బుధవారం, ఉదయం 9:30

పంపులారీ గారు మంచి చోట వేలు పెట్టారు. దాని వెనకున్న కారణం స్ట్రెస్ షాడో.

ఒక పగులు తెరుచుకుంటే పక్కనున్న రాయిని నొక్కుతుంది. ఎంత నొక్కుతుందో స్నెడన్ 1946లోనే లెక్కగట్టాడు. 50 మీటర్ల ఎత్తున్న పగులు నుంచి 75 మీటర్ల దూరంలో నొక్కుడు నెట్ ప్రెషర్‌లో 15 శాతం. 50 మీటర్ల దూరంలో 28 శాతం. 25 మీటర్లలో 65. మరి 10 మీటర్లలో? 95 శాతం. మీ క్లస్టర్లు 10 మీటర్లకొకటి! పక్క పగులు నెట్ ప్రెషర్ దాదాపు మొత్తం ఈ పగులు మీద పడుతోంది. ఐదు కలిసి ఒకే పగులులా ప్రవర్తిస్తాయి, ఒక పగులుకి రావాల్సిన వెడల్పుని ఐదూ పంచుకుంటాయి. మీరు కొలిచిన 2.3 కూడా ఒక పగులుది కాదు, ఐదూ కలిసి ఒకదాన్నొకటి నొక్కుకుంటున్న ప్రెషర్.

ఈ నొక్కుడులో నడిమి పగుళ్లు ఓడిపోతాయి, అంచువి గెలుస్తాయి. దీన్ని సరిదిద్దేది రంధ్రాల దగ్గర నష్టమే. ఎక్కువ నీళ్లు తీసుకునే క్లస్టర్‌కి నష్టం వర్గంలో పెరుగుతుంది కాబట్టి అది బ్రేక్ వేస్తుంది. రంధ్రాలు అరిగిపోయాక బ్రేక్ పోతుంది. మోడల్‌లో డిస్‌ప్లేస్‌మెంట్ డిస్కంటిన్యుయిటీ పద్ధతి (పగులు గోడల మధ్య ఎడాన్ని బట్టి చుట్టూ స్ట్రెస్ లెక్కేసేది) వాడితే ఈ షాడో దానంతటదే వస్తుంది, కానీ క్లస్టర్‌వారీ రంధ్రాల నష్టం మీరే పెట్టాలి.


కొత్తచూపు | బుధవారం, మధ్యాహ్నం 2:40

అయితే ఎత్తు సరిచేస్తే సమయం పెరుగుతుంది, క్లస్టర్లు సరిచేస్తే తగ్గుతుంది. రెండూ కలిపి ఏదో ఒక విధంగా 55 తెప్పించేయొచ్చు కదా? అది నిజమని ఎలా తెలుస్తుంది?


పొరలరాయి | బుధవారం, రాత్రి 8:15

ఈ ప్రశ్న నన్ను చాలా ఏళ్లుగా నిద్రపోనివ్వడం లేదు.

ఒక్క ప్రెషర్ గీతని కలపడానికి వందల దారులున్నాయి. అందుకే వేరే వేరే సాక్షులు కావాలి. మైక్రోసీస్మిక్, అంటే రాయిలో పుట్టే చిన్నచిన్న కంపనాలను చుక్కలుగా గుర్తించే పటం, ఒక సాక్షి. టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో 2000ల మొదట్లో అది చూపించిన వెడల్పాటి మబ్బులే, పగులు ఒకే రెక్కలా పోదన్న సంగతి మనకి నేర్పాయి. కానీ ఆ చుక్కలు ఎక్కువగా రాయి జారిన చోట్లు, తెరుచుకున్న చోట్లు కావు. నీళ్లు చేరని చోట కూడా స్ట్రెస్ మారితే చుక్క పడుతుంది. మబ్బు సైజునే పగులు సైజు అనుకోవడం పెద్ద పొరపాటు. ఫైబర్ మీద తక్కువ ఫ్రీక్వెన్సీ స్ట్రెయిన్ నాకు అన్నిటికంటే నమ్మకమైనది. పగులు దగ్గరికొస్తుంటే ముందు సాగుడు విశాలంగా మొదలై ఇరుకవుతూ వస్తుంది, తాకగానే సన్నని సాగుడు గీత, దానికి రెండు వైపులా నొక్కుడు. ఏ నిమిషంలో, ఏ లోతున తాకిందో చెప్పేస్తుంది.

ఇక కోర్, అంటే బావిలోంచి కోసి తీసే రాతి కడ్డీ. టెక్సస్ మిడ్‌లాండ్ బేసిన్‌లో హైడ్రాలిక్ ఫ్రాక్చరింగ్ టెస్ట్ సైట్ అని, ఫ్రాక్చరింగ్ అయిపోయాక ఆ రాయిలోకే ఏటవాలుగా ఇంకో బావి తవ్వి దాదాపు 600 అడుగుల కోర్ తీశారు. క్లస్టర్‌కి ఒక పగులు ఉంటుందనుకున్నచోట వందల హైడ్రాలిక్ పగుళ్లు కనిపించాయి, గుంపులు గుంపులుగా, ఒకదాని పక్కన ఒకటి. ఈగిల్ ఫోర్డ్ షేల్‌లో తీసిన కోర్‌లోనూ ఇదే తీరు. ప్రాపెంట్ (పగులు మూసుకోకుండా పంపిన ఇసుక) మాత్రం చాలా కొద్ది పగుళ్లలోనే దొరికింది.

ఆ ఫోటోలు మొదటిసారి చూసినప్పుడు నా మోడళ్లన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒక పగులు మూడు పాయలుగా చీలి అదే మొత్తం వెడల్పుని పంచుకుంటే, ప్రవాహ సామర్థ్యం వెడల్పు ఘనం మీద ఉంటుంది కాబట్టి, మొత్తం నిరోధం తొమ్మిది రెట్లవుతుంది. నీళ్లు అంతే, రాయి అంతే, మొన మాత్రం నెమ్మదిస్తుంది. మన ప్లేనర్ మోడల్‌లో ఈ పాయలు లేవు.

సహజ పగుళ్లు కూడా ఉన్నాయి. షేల్ మ్యాట్రిక్స్ పర్మియబిలిటీ (పగుళ్లు లేని రాయిలోంచి ద్రవం పారే వీలు) నానోడార్సీల్లో, అంటే అతి తక్కువగా, ఉంటుంది, గంటన్నరలో అందులోకి పోయే నీళ్లు చాలా తక్కువ. పోయేదంతా సహజ పగుళ్లలోకే. ప్రెషర్ ఒక హద్దు దాటితే అవి తెరుచుకుంటాయి, లీకాఫ్ ఒక్కసారిగా పెరుగుతుంది. 1957 నాటి కార్టర్ సూత్రం, సమయం వర్గమూలానికి విలోమంగా తగ్గే లీకాఫ్, ఇక్కడ అలాగే వాడితే ఆ మెట్టు కనబడదు. మన పగులు సహజ పగులుని దాటిపోతుందా, దాంట్లోకి తిరుగుతుందా అన్నదానికి రెన్‌షా, పొలార్డ్ 1995లో ఒక నియమం ఇచ్చారు. మొన ముందు స్ట్రెస్ ఎదురుగోడని చీల్చేలోపు రాపిడి ఆ గోడని జారకుండా పట్టగలిగితే దాటుతుంది. అది లంబంగా కలిసే పగుళ్లకి. ఏటవాలుకి తర్వాత గు, వెంగ్ విస్తరించారు. రెండు హారిజాంటల్ స్ట్రెస్‌ల తేడా తక్కువగా ఉంటే తిరగడమే ఎక్కువ.

కాబట్టి కొత్తచూపు గారూ, ఎలా తెలుస్తుందంటే, సర్దుబాట్లన్నీ ఈ స్టేజీ మీద చేసి, వాటిని ముట్టుకోకుండా తర్వాతి స్టేజీని ముందే చెప్పాలి. ఫైబర్ డేటా చూడకముందే.


లోతుబావి | తర్వాతి ఆదివారం, రాత్రి 11:05

అందరికీ చాలా రుణపడ్డాను. వారమంతా ఇదే పని.

కొహెసివ్ మోడల్ వదిలేసి, మొన సూత్రం ఉన్న ప్లేనర్ త్రీడీ కోడ్‌కి మారాను. 4 మీటర్ల గళ్లు. టఫ్‌నెస్ 1కి తెచ్చాను. ఎత్తు ఇంకా 50కే బిగించి నడిపితే తాకిడి 27 నిమిషాలు. కొనమొన గారు చెప్పినట్టే, పెద్దగా కదల్లేదు. తర్వాత స్టెప్‌డౌన్‌తో రంధ్రాల నష్టం విడదీసి క్లస్టర్‌వారీగా పెట్టాను. మొదటిది, ఐదోది ముందుకెళ్లాయి, నడిమివి వెనకబడ్డాయి. తాకిడి 19 నిమిషాలకి వచ్చేసింది. ఆ రాత్రి కాస్త టెన్షన్ పడ్డాను.

ఎత్తు వదిలేశాక 19 నుంచి 41 అయింది. ఎత్తు 50 నుంచి 96కి పెరిగింది, 140 కాలేదు, ఎందుకంటే పెరిగేకొద్దీ నెట్ ప్రెషర్ పడింది. స్ట్రెస్ లాగ్‌లో పై పొర విలువని అర మెగాపాస్కల్ అటూ ఇటూ మార్చి చూస్తే తాకిడి 34 నుంచి 47 దాకా మారుతోంది. ఇంకే విలువ మార్చినా ఇంత తేడా రాలేదు. మిగిలిన 14 నిమిషాలు ఎత్తుతో తెప్పించే ప్రయత్నం చేయలేదు. పాయల కోసం ప్రవాహ నిరోధానికి ఒక గుణకం పెట్టాను, 4 దగ్గర 55 వచ్చింది. అంటే సమానమైన రెండు పాయలు. మా దగ్గర కోర్ లేదు కాబట్టి దీన్ని రుజువు అనను.

పొరలరాయి గారి మాట ప్రకారం తర్వాతి స్టేజీ డేటా నా చేతికి ఇంకా రాలేదు, ఇవ్వొద్దని కూడా చెప్పాను. అదే ఐదు క్లస్టర్లు, రేటు నిమిషానికి 9, రంధ్రాలు క్లస్టర్‌కి తక్కువ. నా అంచనా: మొదటి తాకిడి 44కి, 54కి మధ్య. నాలుగు సిగ్నల్స్. ముందు ఐదో క్లస్టర్. ఇక్కడ రాసి పెడుతున్నాను.


పంపులారీ | సోమవారం, ఉదయం 6:40

రంధ్రాలు తగ్గించారు కాబట్టి నాలుగు రావచ్చు. కానీ ఇసుక మొదలైన 20 నిమిషాలకి అరుగుడు చూసుకున్నారా?


లోతుబావి | సోమవారం, ఉదయం 7:15

స్థిరమైన వేగంతో అరుగుతున్నట్టు పెట్టాను, అన్ని క్లస్టర్లకీ ఒకేలా.


లోతుబావి | గురువారం, సాయంత్రం 5:50

డేటా వచ్చింది. మొదటి తాకిడి 49వ నిమిషం. సిగ్నల్స్ మూడే, నాలుగు కాదు. ముందు వచ్చింది ఐదోది కాదు, మొదటిది, అంటే బావి మడమ (నిలువు బావి అడ్డం తిరిగే చోటు) వైపున్న క్లస్టర్. రెండోది కూడా దాని వెనకే వచ్చింది. సమయం అంచనాలో పడింది, పంపకం పడలేదు. పంపులారీ గారూ, మడమ వైపు రంధ్రాల మీదుగా ఇసుక ముందు ఎక్కువ వేగంతో పోతుంది కదా, అక్కడ అరుగుడు ఎక్కువ ఉంటుందా? మీ దగ్గర రంధ్రాల కెమెరా చిత్రాలు చూసిన అనుభవం ఉంటే చెప్పండి, ఒకేలా అరగడం అన్నది తీసేసి మళ్లీ నడుపుతాను.